పాత ట్రాక్టరునకు సరియైన ఫిల్టరు

రోహిణి కార్తె సమీపించుచున్నది. మృగశిర ప్రవేశించి నాలుగు చినుకులు పడినంతనే మక్తల్ చుట్టుపట్ల రేగళ్లలోను చెల్కలలోను దుక్కులు మొదలగును. ఆనాడు ఎద్దుల కాడి కొరకు చూచు ఇండ్ల కన్న ట్రాక్టరు కొరకు ఎదురుచూచు ఇండ్లే మన ప్రాంతమున ఎక్కువ. ఇట్టి సమయమున విత్తనముల సంగతి, ఎరువుల సంగతి వ్రాయక, ఒక చిన్న డబ్బా సంగతి వ్రాయుచున్నారేమని సభ్యులు కొందరు నవ్వవచ్చును. ట్రాక్టరు ఇంజనునకు తగిలించు ఫిల్టరును గూర్చియే మేము ఈ నెల ముచ్చటింపదలచితిమి. వస్తువు చిన్నదే గాని, దానివలన కలుగు నష్టము చిన్నది కాదు.

గత వానాకాలమున మా యెరుకలోని కర్షకు డొకడు వాడిన ట్రాక్టరును కొనెను. ఆయన పేరు ఇచట ననవసరము. బండి చూపునకు సొంపుగా నుండెను. రంగు కొత్తది, టైర్లు మంచివి, ఇంజను శబ్దమును బాగుగనే యుండెను. కొన్న పిమ్మట ఇంజను ఆయిలు మార్పింపదలచి, బానెట్టుపై వ్రాసియున్న పేరును మోడలును దుకాణదారునకు చెప్పి, ఆయిలు ఫిల్టరు తెచ్చుకొనెను. ఫిల్టరు మరలకు చక్కగా నెక్కినది. ఎక్కినది గదా, ఇక నేమి యని అందరును సంతోషించిరి. రెండవనాడు ప్రత్తికై చేను దున్నుచుండగా ఫిల్టరు రబ్బరు వాషరు ఒకవైపు తొలగి ఆయిలంతయు చాళ్లపాలైనది. ఆయిలు దీపము వెలిగినను ఎండ తీవ్రతలో డ్రైవరునకు కనబడలేదు. కొంతసేపటికి ఇంజను బిగిసి నిలిచిపోయినది.

విప్పి చూడగా తేలినదేమన, ఆ బండిలోని ఇంజను ఆ బండితో పుట్టినది కాదు. మునుపటి యజమాని యెవరో మరియొక మోడలు ఇంజనును దానిలో నెక్కించియుండిరి. రెండు ఫిల్టర్ల మరల కొలత ఒక్కటే. రబ్బరు వాషరు చుట్టుకొలత వేరు. అంతే భేదము. దుకాణదారుని మేము తప్పు పట్టము. అడిగిన వస్తువునే అత డిచ్చెను. కొన్ని వందల రూపాయల వస్తువు సరికానందున క్రాంకు, బేరింగులు, లైనర్లు మార్పించుటకు ఆ కర్షకుని యేటి ఆదాయములో పెద్ద భాగము వ్యయమైనది. అంతకు మించిన నష్టము మరొకటి గలదు. ఆ ట్రాక్టరును కిరాయికి నమ్ముకొనియున్న ఇరుగుపొరుగు కుటుంబములు నాలుగైదింటికి విత్తు అదను తప్పినది. అప్పు తీర్చవచ్చును గాని, తప్పిన అదనును ఎవరు తెచ్చి యియ్యగలరు?

ఈ సంగతిని ఆలోచించి మేము చేరిన యభిప్రాయము ఇది. ఫిల్టరును బండి రంగును బట్టి గాని, బానెట్టుపై పేరును బట్టి గాని, మర యెక్కుటను బట్టి గాని కొనరాదు. ఇంజను నంబరును, పార్టు నంబరును బట్టియే కొనవలెను. ఈ నంబర్లను సేకరించి వ్రాసిపెట్టు పనిని ఒక్కొక్క రైతు నెత్తిన వేయక, సంఘమే తన పనిగా చేపట్టవలెను. ఇట్లేల యనుచున్నామో క్రింద వివరింతుము.

పాత బండ్లు, మారిన పేర్లు

జూరాల జలములును, భీమా ఎత్తిపోతల నీటితో నిండు సంగంబండ, భూత్పూరు జలాశయములును వచ్చిన పిమ్మట మన ప్రాంతమున వరి మడులు పెరిగినవి. కంది, ప్రత్తి, జొన్న, వేరుశనగ యెట్లును గలవు. మడిలో దమ్మునకు, చెల్కలో దుక్కికి, కల్లములో నూర్పిడికి, పంటను మార్కెట్టునకు చేర్చుటకు ట్రాక్టరు కావలెను. కొత్తది కొను శక్తి అందరకు లేదు. కావున రాయచూరు వైపు నుండియు మహబూబ్‌నగరు వైపు నుండియు చేతులు మారిన బండ్లు మన యూళ్లకు వచ్చుచున్నవి. ఇందు తప్పేమియు లేదు. పాత బండి చిన్నకారు రైతునకు గొప్ప ఆసరా. అయితే దానిని తెలిసి కొనవలెను, తెలిసి పోషింపవలెను.

మన పెద్దలు సంతలో ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించెడివారు, సుడులు చూచెడివారు, గిట్టలు తట్టెడివారు, నాలుగడుగులు నడిపించెడివారు. నూనె రాచిన కొమ్ములను చూచి ధర కట్టిన వారు లేరు. నేడు లక్షలు పోసి ట్రాక్టరు కొను మనము మాత్రము నూనె రాచిన కొమ్ములనే చూచుచున్నాము. కొత్తగా పూసిన రంగు క్రింద ఎవరి ఇంజను ఉన్నదో, దాని నంబరేమో అడుగువారు అరుదు.

పేరును నమ్ముకొనుట ఏల చాలదో కొన్ని యుదాహరణములు చెప్పుదుము. ఐషర్ వారు 1959లో ఫరీదాబాదున ట్రాక్టర్లు తయారు చేయ మొదలిడిరి. 2005లో వారి ట్రాక్టరు వ్యాపారము చెన్నపట్టణపు టాఫే వారి వశమైనది. మహీంద్రా వారు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అను అమెరికా కంపెనీతో కలసి 1963లో ట్రాక్టర్ల పరిశ్రమ స్థాపించిరి. పంజాబ్ ట్రాక్టర్స్ వారి స్వరాజ్ బండి 1974లో వెలువడినది. 2007లో ఆ సంస్థ మహీంద్రా వారి చేతికి వచ్చినది. ఎస్కార్ట్స్ వారు 2022లో ఎస్కార్ట్స్ కుబోటా యైరి. కేంద్ర ప్రభుత్వ సంస్థయగు హెచ్.ఎం.టి. వారు జెకొస్లొవేకియా దేశపు జెటర్ నమూనాను తీసికొని 1971లో పింజోరునందు ఆరంభించిన ట్రాక్టర్ల విభాగము మూతపడుటకు 2016లో నిర్ణయమైనది. కర్మాగారము మూతపడినను ఆ బండ్లు చేలలో ఇంకను దున్నుచునే యున్నవి. అట్టి బండి గల రైతు ఎవరి దుకాణమునకు పోయి ఎవరి డబ్బా అడుగవలెను?

మరియొక చిక్కు గలదు. ట్రాక్టరు చేసినవా రొకరు, దాని ఇంజను చేసినవారు వేరొకరు కావచ్చును. టాఫే వారి మాస్సీ ఫెర్గూసన్ బండ్లు అనేకములలో నుండునది చెన్నపట్టణపు సింప్సన్ వారి ఇంజను. డీజిలు పంపును మన మేస్త్రీలు నేటికిని మైకో పంపు అనియే వ్యవహరింతురు. మైకో యను ఆ బెంగుళూరు కంపెనీ 2008లోనే బాష్ అని పేరు మార్చుకొనినది. కావున డబ్బాపై పాత పేరు లేదని కొందరు మంచి సరుకును త్రోసిపుచ్చుచున్నారు. పాత పేరు ఉన్నదని మరికొందరు నకిలీ సరుకును నమ్ముచున్నారు. పేరు మారును, యజమాని మారును, రంగు మారును. ఇంజనుపై పోతపోసిన లేక చెక్కిన అంకె మాత్రము మారదు. దానినే పట్టుకొనవలెను.

ఫిల్టరు చేయు పని

ఫిల్టరనగా వడపోత. మన యిండ్లలో తేనీటికి, నూనెకు గుడ్డ పట్టి వడపోసినట్లే ఇంజనులోనికి పోవు గాలిని, డీజిలును, ఆయిలును వడపోయునవి ఇవి. మనము మూడింటిని ముఖ్యముగా నెరుగుదుము. నాలుగవది లిఫ్టు నూనెను వడపోయునది.

మొదటిది ఎయిర్ ఫిల్టరు. ఒక లీటరు డీజిలు కాలుటకు కనీసము పదివేల లీటర్ల గాలి కావలెను. కంది నూర్పిడి నాడు, ఎండు చెల్కలో దుక్కి నాడు ఆ గాలి యెట్లుండునో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. పాత బండ్లలో ఆయిలు గిన్నె గల ఫిల్టరుండును. గాలి ఆ నూనెను తాకి దుమ్మును విడిచి పోవును. గిన్నెలో గీత వరకే ఆయిలు పోయవలెను. తక్కువైనచో దుమ్ము లోపలికి పోవును. ఎక్కువైనచో ఇంజను ఆ నూనెను పీల్చుకొనును. దుమ్ము పని చేయు దినములలో ఈ గిన్నెను ప్రతిదినము చూడవలెను. కొత్త బండ్లలో మడతల కాగితపు ఫిల్టర్లు రెండుండును: వెలుపల పెద్దది, లోపల చిన్నది. వెలుపలిదానిని పుస్తకములో చెప్పినట్లు మెల్లగా లోపలినుండి గాలి కొట్టి దులుపవచ్చును. లోపలిది కాపలా వంటిది. దానిని దులుపరాదు, కడుగరాదు, మార్చవలసినదే.

రెండవది డీజిలు ఫిల్టరు. డీజిలు పంపులో దండమునకును, అది కదలు గొట్టమునకును నడుమ సందు రెండు మూడు మైక్రానులు మాత్రమే. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తల వెంట్రుక మందము 50 మొదలు 100 మైక్రానుల వరకు నుండును. కంటికి కానరాని ఇసుక రేణువు ఆ పంపులో ఎంత హాని చేయునో దీనినిబట్టి యూహింపవచ్చును. అనేక బండ్లలో డీజిలు ఫిల్టర్లు జంటగా నుండును. మొదటిది ముతక వడపోత, గుడ్డతోనో ఉన్నితోనో చేసినది. రెండవది సన్న వడపోత, కాగితముతో చేసినది. కొన్నింటిలో రెండింటి వెలుపలి కొలత ఒక్కటియే గాన, తెలియనివారు ఒకదాని చోట మరొకటి వేయుదురు. అట్లు వేసినచో సన్ననిది త్వరగా పూడిపోవును, ముతకది పంపును కాపాడలేదు.

మూడవది ఆయిలు ఫిల్టరు. ఇంజను లోపల అరిగిన లోహపు పొడిని, మసిని పట్టి నిలుపునది. ఇందులో కంటికి కనబడని కవాటములు గలవు. కాగితము పూడిపోయినపుడును, చలిలో ఆయిలు చిక్కబడినపుడును ఒక కవాటము తెరచుకొని, బేరింగులు ఎండిపోకుండ ఆయిలును వడపోత లేకయే పంపును. ఎంత వత్తిడికి అది తెరచుకొనవలెనో ఇంజను చేసినవారు నిర్ణయించియుందురు. ముందుగనే తెరచుకొనినచో మురికి ఆయిలు తిరుగును. తెరచుకొనకున్నచో ఆయిలే అందదు. మరియొక రబ్బరు కవాటము, ఇంజను ఆగినపుడు ఫిల్టరులోని ఆయిలు క్రిందికి జారిపోకుండ నాపును. ఫిల్టరు అడ్డముగ బిగించు బండ్లలో ఇది లేనిచో ప్రతి ఉదయము ఇంజను కొంతసేపు ఆయిలు లేకయే తిరుగును. ఆ యరుగుదల ఒకనాటితో తెలియదు, రెండేండ్లకు తెలియును.

నాలుగవదియగు హైడ్రాలిక్ ఫిల్టరును చాలమంది మరచియే పోవుదురు. లిఫ్టు మెల్లగా లేచుచున్నదన్నచో పంపు మార్పించుటకు ముందు దీనిని చూడవలెను. కొన్ని బండ్లలో ఇది తీగ జల్లెడ. కడిగి మరల పెట్టవచ్చును. కొన్నింటిలో డబ్బా, మార్చవలెను.

సరియైన ఫిల్టరును వెదకు విధము

మర యెక్కినంతమాత్రమున ఫిల్టరు సరియైనది కాదని పై మాటలవలన స్పష్టము. మరల కొలత, రబ్బరు వాషరు చుట్టుకొలత, డబ్బా ఎత్తు, లోపలి కవాటములు, వడపోత సన్నము, ఇవి యన్నియు కుదిరినపుడే అది మన ఇంజనుదగును. వీనిలో మొదటి మూడింటిని మనము కొలువగలము. తక్కిన రెండింటిని కొలువలేము. అందుచేతనే పార్టు నంబరు అవసరము.

మొదట, ఇంజను ప్రక్కనున్న నంబరును మట్టియు గ్రీజును తుడిచి చదివి కాగితముపై వ్రాసికొనవలెను. దానిని ఆర్.సి. లోని ఇంజను నంబరుతో సరిచూడవలెను. రెండును కలిసినచో మంచిది. కలియనిచో ఇంజను మారినదని గ్రహింపవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇంజను మార్పును రిజిస్ట్రేషను అధికారికి తెలిపి ఆర్.సి.లో చేర్పింపవలసియుండును. కొనుటకు ముందే ఈ సంగతి తేల్చుకొనుట ధనమునకును మానమునకును క్షేమము.

పిమ్మట ఆ ఇంజనుకు చెందిన పుస్తకమును సంపాదింపవలెను. పాత బండితో పుస్తకము వచ్చుట అరుదు. అమ్మువానిని అడుగవలెను, లేనిచో కంపెనీ డీలరు నడుగవలెను. అందు ప్రతి ఫిల్టరునకు పార్టు నంబరు ఇచ్చియుందురు. ఫిల్టర్లు చేయు ఇతర కంపెనీలు కూడ తమ నంబరు ఏ కంపెనీ నంబరునకు సమానమో తెలుపు పట్టికలు ప్రకటించుచుందురు. ఆ పట్టికలో మన ఇంజను పేరు స్పష్టముగ నున్నచో, ఇంజను కంపెనీ డబ్బాయే కావలెనను నిర్బంధము లేదు. మంచి పేరుగల ఇతర కంపెనీ ఫిల్టరును నిశ్చింతగ వాడవచ్చును.

బండిలో నున్న పాత ఫిల్టరును ఆధారముగ గొనిపోవుట మన యలవాటు. అది మంచిదే గాని, అదియే చాలదు. మునుపటివారు వేసినది తప్పు ఫిల్టరైనచో మనము వారి తప్పునే మరల కొనితెచ్చుకొందుము. పాత డబ్బాపై నంబరును పుస్తకములోని నంబరుతో పోల్చిన పిమ్మటనే నమ్మవలెను. ఒక పని మాత్రము దానితో తప్పక చేయవలెను. పాత ఆయిలు ఫిల్టరును కోసి కాగితపు మడతలు విప్పి చూడవలెను. మెరయు లోహపు రేణువులు కనబడినచో బేరింగులో బుష్షులో అరుగుచున్నవని తెలియును. జోస్యుడు చెప్పలేని జాతకము ఆ మడతలు చెప్పును.

వాడిన ట్రాక్టరు కొన్ననాడే నాలుగు ఫిల్టర్లును, ఇంజను ఆయిలును మార్చి, ఆ తేదీని, మీటరు గంటలను ఒక నోటు పుస్తకములో వ్రాయవలెనని మా సలహా. పాత బండ్ల గంటల మీటరు చెడియుండవచ్చును, లేక త్రిప్పబడియుండవచ్చును. నాటినుండి మన లెక్క మనదగును. మీటరు పనిచేయనిచో దినమునకు ఎన్ని గంటలు నడచెనో చేతితో వ్రాసికొనవలెను. 250 గంటలకొకసారి ఆయిలును ఆయిలు ఫిల్టరును మార్చుమని అనేక పుస్తకములు చెప్పుచున్నవి. మీ బండి పుస్తకము వేరుగ చెప్పినచో అదియే ప్రమాణము.

బిగించునపుడు రబ్బరు వాషరునకు శుభ్రమైన ఆయిలు రాచి, పాత వాషరు ఇంజనుకు అంటుకొని మిగిలిపోలేదని చూచి, చేతితోనే బిగింపవలెను. గొలుసు పానాతో బిగించిన డబ్బా తరువాత ఊడిరాదు. డీజిలు ఫిల్టరు మార్చిన పిమ్మట గొట్టములలోని గాలిని తీయవలెను. ఇంజను నడిపించి, ఆయిలు దీపము ఆరినదో లేదో చూచి, క్రింద వంగి కారుచున్నదేమో పరీక్షించి, ఇంజను నాపి ఆయిలు కొలతను మరల చూచిన తరువాతనే చేనికి పోవలెను. పావు గంట పని యిది. మేము చెప్పిన కర్షకుడు ఈ పావు గంటను, ఇంజను నంబరు చదువు రెండు నిమిషములను వెచ్చించియున్నచో ఆయన ఇంజను నేటికిని తిరుగుచుండెడిది.

కొన్ని యాక్షేపణలు

ఇదంతయు మా మేస్త్రికి తెలియునని కొందరందురు. మన మేస్త్రీల చేతిపనిని మేము మెచ్చుకొందుము. చదువు లేకున్నను శబ్దము విని రోగము చెప్పగలవారు వారిలో గలరు. అయినను కవాటము తెరచుకొను వత్తిడిని శబ్దము విని ఎవరు చెప్పగలరు? నంబరు మనము తెచ్చి యిచ్చినచో మేస్త్రి సంతోషముగనే దానిని వాడును. నంబరు లేక అతనిని పంపి, తప్పు జరిగిన పిమ్మట అతనిని దూషించుట న్యాయము కాదు.

చవుకది చాలునని మరికొందరందురు. చవుకది యంతయు చెడ్డదని మేము చెప్పము. అయితే కాగితము తక్కువ మడతలు గలది, జిగురు ఊడునది, పేరుగల కంపెనీ ముద్రను దొంగిలించినది బజారులో గలదు. అట్టి డబ్బాను కోసి చూచినగాని తెలియదు. అప్పటికే అది తన పని చేసియుండును. కావున బిల్లు లేనిదే కొనరాదు. బిల్లుపై పార్టు నంబరు వ్రాయింపవలెను. వినియోగదారుల రక్షణ చట్టము 2019లో కొత్తగా వచ్చినది. ఫిర్యాదు చేయదలచిన వారికి బిల్లే సాక్షి. బిల్లు లేని రైతునకు సాక్షి లేడు.

ఫిల్టరును కడిగి మరల వాడుచున్నాము, ఏమియు కాలేదని ఇంకొందరందురు. కాగితపు ఫిల్టరును డీజిలుతో గాని పెట్రోలుతో గాని కడిగినచో కాగితపు రంధ్రములు పెద్దవగును, జిగురు వదలును. నేడేమియు కాలేదనుట నిజమే. చెద పట్టిన దూలము కూలు దినము వరకు నిలిచియే యుండును. గోటితో పోవు పనిని గొడ్డలి వరకు తెచ్చుకొనుట మనకేల?

సంఘము చేయవలసిన పని

ఇంతవరకు వ్రాసినది ఒక్కొక్క రైతు చేయదగినది. ఇకమీద వ్రాయునదియే మా ముఖ్య విన్నపము.

ఒక రైతు దుకాణమునకు పోయి నంబరడిగినచో, ఆ నంబరు లేదు, దీనిని తీసికొమ్మను జవాబు వచ్చును. వాన కురిసి చేను తడిసియుండగా అతడు మహబూబ్‌నగరునకో రాయచూరునకో మరల పోజాలడు. ఉన్నదానినే తీసికొనిపోవును. ఇందు రైతు తెలివితక్కువయు లేదు, దుకాణదారుని దౌష్ట్యమును లేదు. ఏ నంబరు ఎన్ని కావలెనో దుకాణదారునకు ముందుగ తెలియదు, మనమును చెప్పలేదు. ఒంటరి రైతు యవసరము చివరి దినమున పుట్టును; ఒక్క డబ్బా కొరకు ఎవరును సరుకు తెప్పింపరు. పదిమంది యవసరమును ముందుగ లెక్కకట్టుట సహకార సంఘము చేయగల పని. 1904లో మన దేశమున సహకార చట్టము మొదట వచ్చినపుడు అప్పు కొరకే సంఘములు పుట్టినవి. అప్పు ఇచ్చుట ఎంత ముఖ్యమో, ఆ అప్పుతో కొన్న యంత్రము చెడకుండ చూచుటయు అంతే ముఖ్యము. యంత్రము నిలిచినచో వాయిదా నిలుచును. వాయిదా నిలిచినచో సంఘము నిలువదు.

కావున సంఘ కార్యాలయమున ట్రాక్టర్ల ఫిల్టరు పట్టీ యొకటి తెరువవలెనని మేము సూచించుచున్నాము. అందు ప్రతి బండికి ఒక పుట. బండి పేరు, మోడలు, తయారైన సంవత్సరము, ఇంజనుపై చదివిన నంబరు, నాలుగు ఫిల్టర్ల పార్టు నంబర్లు, సరిపోవునని తేలిన ఇతర కంపెనీ నంబర్లు, మార్చిన తేదీలు అందు వ్రాయవలెను. ఒక సభ్యుడు ఒక ఫిల్టరును వాడి చెడు ఫలితము పొందినచో అదియు వ్రాయవలెను. మంచి ఫలితము పొందినచో అదియు వ్రాయవలెను. ఒకే ఇంజను గల బండ్లు పది యున్నచో, ఒకరు పడిన శ్రమ తొమ్మండుగురకు తప్పును. ఒకరు పడిన నష్టము తొమ్మండుగురకు పాఠమగును.

ఈ పట్టీని బట్టి ఏటేట రెండు పర్యాయములు, మృగశిరకు ముందును, యాసంగి దమ్ములకు ముందును, సభ్యుల యవసరమును లెక్కించి ఒక్కటే ఆర్డరు పంపవలెను. అధిక సంఖ్యలో కొనునపుడు ధరయు తగ్గును, అసలు సరుకును అడిగి పుచ్చుకొను బలమును కలుగును. అమ్ముడుపోని సరుకు సంఘము నెత్తిన పడునని భయపడువారు గలరు. ఆ భయము న్యాయమైనదే. ఎక్కువ బండ్లకు పనికివచ్చు నంబర్లను మాత్రమే నిలువయుంచి, అరుదైన నంబర్లను సభ్యుడు ముందుగ సొమ్ము కట్టినపుడే తెప్పించినచో ఆ బెడద యుండదు. నిలువ సరుకును తేమ తగులని, ఎలుకలు చేరని అలమారులో నుంచవలెను. ఎరువుల బస్తాల ప్రక్క నుంచరాదు.

హెచ్.ఎం.టి. వంటి, కర్మాగారము మూతపడిన బండ్లు గలవారికి ఈ పట్టీ మరింత యవసరము. వారికి డీలరు లేడు, అడుగుటకు కంపెనీ లేదు. తోటి యజమానులే వారికి దిక్కు. ఏ ఫిల్టరు సరిపోయినదో ఒకరి కొకరు చెప్పుకొనుటయే వారి పుస్తకము.

కంపెనీలు గల బండ్ల విషయమున పార్టు నంబర్లను అడుగుట మన హక్కని గ్రహింపవలెను. వస్తువును కొన్నవానికి దానిని బాగుచేయించుకొను సౌకర్యముండవలెనను తలంపుతో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ వారు 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేర ఒక పోర్టలును ఆరంభించిరి. అందు చేర్చిన నాలుగు వర్గములలో వ్యవసాయ యంత్రములొకటి. సంఘ కార్యదర్శి లేఖ వ్రాసినచో, ఒంటరి రైతు ప్రశ్నకు రాని జవాబు వచ్చునని మా నమ్మకము. తెలంగాణలోనే జహీరాబాదునందు 2013 నుండి మహీంద్రా వారి ట్రాక్టర్ల కర్మాగారము నడచుచున్నది. తయారుచేయువారు మనకింత సమీపమున నుండగా ఒక పట్టిక యడుగుటకు మనకు సంకోచమేల?

ఈ పనికి కొత్త ఉద్యోగి యక్కరలేదు, కొత్త భవనము నక్కరలేదు. ఒక పుస్తకము, ఒక అలమారు, కార్యదర్శి దినమునకు అరగంట ఓపిక చాలును. ట్రాక్టరు నడుపు యువకులలో చదువు నేర్చినవారనేకులు గలరు. ఇంజను నంబర్లు చదివి వ్రాయు పని వారికప్పగించినచో ఒక పక్షములో పట్టీ పూర్తి కాగలదు.

వచ్చు సర్వసభ్య సమావేశమునకు సభ్యులు తమ బండి ఇంజను నంబరును కాగితముపై వ్రాసి తీసికొనిరావలెనని ప్రార్థించుచున్నాము. ట్రాక్టరు లేని సభ్యులును రావలెను. ఏలయన కిరాయి ట్రాక్టరు నిలిచిననాడు మొదట నష్టపడునది వారి విత్తే. బానెట్టు పేరు కాదు, దుకాణపు బిల్లును కాదు, ఇంజనుపై చెక్కిన నంబరే కావలెను. గుడ్డయొకటి, కొద్దిగ డీజిలు తీసికొని నేడే తుడిచి చూడుడు. అది కనబడినచో వ్రాయుడు. ఆర్.సి.తో కలియనిచో ఆ సంగతియు దాచక వ్రాయుడు. ఈ యేడు మృగశిర నాటికి మన సభ్యులలో ఒక్కని ఇంజనైనను తప్పు ఫిల్టరువలన చాళ్లలో నిలువకున్నచో, ఈ నాలుగు పుటలు వ్రాసినందులకు మాకు ఫలము దక్కినట్లే.